ప్రాచీన గ్రీకుల దేవవాక్కులు, శకునాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

డెల్ఫీలో ప్రశ్న అడగాలంటే ఎప్పుడు పడితే అప్పుడు వెళ్లొచ్చా?

కుదరదు. డెల్ఫీ మధ్య గ్రీసులో పర్నాసస్ కొండవాలు మీద ఉంది. అక్కడి అపోలో దేవుడి గుడిలో పిథియా అనే స్త్రీ నోట దేవుడే జవాబు చెబుతాడని నమ్మకం. అక్కడ నెలకొక్క రోజే ప్రశ్నలు తీసుకునేవాళ్లు. ఆ రోజు ఏడో తేదీ. చలికాలం మూడు నెలలు అదీ లేదు, ఎందుకంటే దేవుడు ఊళ్లో ఉండడని నమ్మకం. అంటే ఏడాదికి మహా అయితే తొమ్మిది రోజులు. ఇంకా పాతకాలంలో ఏడాదికి ఒక్కసారే, దేవుడి పుట్టినరోజున మాత్రమే అడగనిచ్చేవారని ప్లూటార్క్ అనే గ్రీకు రచయిత రాశాడు. ఈ ప్లూటార్క్ మాటకు విలువ ఎక్కువ. ఆయన క్రీ.శ. 1వ శతాబ్దం చివర, 2వ శతాబ్దం మొదట్లో అదే గుడిలో పూజారిగా చేశాడు.

తొమ్మిది రోజులకు గ్రీసు అంతటి నుంచీ జనం వస్తే లైను ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు. ముందు డెల్ఫీ ఊరివాళ్లు, తర్వాత ముందు అడిగే హక్కు పొందిన నగరాలవాళ్లు, వ్యక్తులు, ఆ తర్వాత మిగతావాళ్లు చీటీల వరసలో. ఆ హక్కు ఊరికే రాదు. గుడికి మేలు చేసినవాళ్లకు గౌరవంగా ఇచ్చి, ఆ సంగతి రాతి మీద చెక్కించేవారు. వీఐపీ దర్శనం మనం కనిపెట్టిందేమీ కాదు.

ఖర్చు ఎంతయ్యేది?

ముందు గుడి బయట బలిపీఠం దగ్గర పెలనోస్ అనే నైవేద్యపు రొట్టె సమర్పించాలి. పేరుకే రొట్టె, నిజానికి అది రుసుము. ఫాసెలిస్ అనే నగరంతో డెల్ఫీ చేసుకున్న ఒప్పందం ఒకటి శాసనంగా మిగిలింది. దాని ప్రకారం నగరం తరఫున అడిగితే ఏడు ద్రాక్మాల రెండు ఓబోల్‌లు, సొంత పని మీద అడిగితే నాలుగు ఓబోల్‌లు. ద్రాక్మాకు ఆరు ఓబోల్‌లు కాబట్టి ప్రభుత్వం కట్టేది మామూలు మనిషి కట్టేదానికి పదకొండు రెట్లు. దీనికి తోడు బలి జంతువు, దారిఖర్చులు, ఊళ్లో బస. రుసుము కన్నా ఇవే ఎక్కువ తేలి ఉంటాయి.

మేక మీద నీళ్లు చల్లడం ఏమిటి?

దేవుడు ఈ రోజు పలుకుతాడా లేదా అని తేల్చుకునే పద్ధతి అది. బలికి తెచ్చిన మేక మీద చన్నీళ్లు పోస్తారు. కాళ్ల నుంచి పైదాకా వణికితే సరే, ప్రశ్నలు మొదలు. వణక్కపోతే ఆ రోజుకు లేనట్టే.

ప్లూటార్క్ తన కాలంలోనే జరిగిన ఒక ఘటన చెప్పాడు. పరాయి దేశం నుంచి దూతలు వచ్చారు. మేక కదల్లేదు. వచ్చినవాళ్లను నొప్పించడం ఇష్టంలేక పూజారులు దాన్ని నిలువునా తడిపేశారు. చివరికి అది ఏదో విధంగా వణికింది. దేవుడి మాట పలికే పిథియా ఇష్టం లేకుండానే లోపలికి దిగింది. మొదటి జవాబులకే గొంతు బొంగురుపోయింది, ఏదో చెడు సోకినట్టు అయిపోయింది. చివరికి భయంకరంగా అరుస్తూ గుమ్మం వైపు పరిగెత్తి పడిపోయింది. దూతలే కాదు, పూజారులు కూడా పారిపోయారు. కాసేపటికి తిరిగొచ్చి ఆమెను లేవనెత్తారు. స్పృహ ఉంది కానీ, కొద్ది రోజులకే చనిపోయింది. మేక శకునాన్ని లెక్కచేయకపోతే ఏమవుతుందో చెప్పడానికి ప్లూటార్క్ ఈ కథ ఎత్తుకున్నాడు. నాకు మాత్రం ఇందులో కనిపించేది, ముఖ్యమైన అతిథుల కోసం రూల్ పక్కన పెట్టిన గుడి యాజమాన్యం.

పిథియా అంటే ఎవరు? ఒక్కతేనా?

అది పేరు కాదు, పదవి. డెల్ఫీ ఊరి స్త్రీలలోనే ఒకరిని ఎంచుకునేవారు, ఆమె చనిపోయేవరకు ఆ పనిలోనే ఉండేది. గొప్ప ఇంటి పిల్ల కావాలనేమీ లేదు. తన కాలపు పిథియా పేద రైతు ఇంట్లో పెరిగిందని, చదువూ కళా ఏమీ రావని ప్లూటార్కే రాశాడు. మొదట్లో కన్యలను పెట్టేవారట. థెస్సలీ నుంచి వచ్చిన ఎకెక్రటీస్ అనేవాడు ఒక పిథియాను ఎత్తుకుపోవడంతో, అప్పటినుంచి 50 ఏళ్లు దాటిన స్త్రీనే పెట్టాలని నియమం చేశారని చరిత్రకారుడు డియొడోరస్ చెప్పే కథ. వయసు మళ్లినా బట్టలు మాత్రం కన్నెపిల్లవే కట్టుకోవాలి.

గుడి బాగా నడిచిన రోజుల్లో ఇద్దరు పిథియాలు వంతులవారీగా పలికేవాళ్లు, మూడో ఆమె అవసరానికి సిద్ధంగా ఉండేది.

ఆమె పొగ పీల్చి మత్తులో మాట్లాడేదా?

టీవీ కార్యక్రమాలు దీన్ని వదిలిపెట్టవు. పిథియా గర్భగుడిలో ముక్కాలిపీట మీద కూర్చునేది. అక్కడ అప్పుడప్పుడు సువాసనతో కూడిన ఒక ఊపిరిలాంటిది వచ్చేదని ప్లూటార్క్ అన్నాడు. 1892లో మొదలైన ఫ్రెంచివాళ్ల తవ్వకాల్లో గుడి కింద పెద్ద నెర్రె ఏదీ దొరకలేదు. దాంతో ఆవిరి కథ కట్టుకథ అని చాలాకాలం తోసిపుచ్చారు. 2001లో ఒక భూగర్భ శాస్త్రవేత్తల, పురావస్తు పరిశోధకుల బృందం, గుడి కింద రెండు భ్రంశరేఖలు, అంటే భూమి పొరల్లోని చీలికలు, కలుస్తున్నాయని, అక్కడి నుంచి మత్తెక్కించే ఇథిలీన్ వాయువు వచ్చి ఉండొచ్చని ప్రకటించింది. తర్వాత వేరే శాస్త్రవేత్తలు అక్కడ అంత ఇథిలీన్ పుట్టే అవకాశం లేదన్నారు. వాదన తెగలేదు.

తెగినా పెద్దగా ఒరిగేది లేదంటాను. పూనకం రావడానికి గ్యాస్ అక్కర్లేదు. పైగా క్రీ.పూ. 5వ శతాబ్దపు చరిత్రకారుడు హెరొడొటస్ రాతల్లో పిథియా పిచ్చికేకలు వేయదు. అడిగినవాళ్లకు తనే నేరుగా, అర్థమయ్యే మాటల్లో, చాలాసార్లు పద్యంలో జవాబిస్తుంది.

జవాబులు ఎప్పుడూ రెండర్థాలతోనే ఉండేవా?

అందరికీ తెలిసింది లిడియా రాజు క్రీసస్ కథ కాబట్టి అలా అనిపిస్తుంది. పర్షియా మీదికి వెళ్లేముందు క్రీసస్ ఏ గుడి మాట నమ్మాలో తేల్చుకోవడానికి పరీక్ష పెట్టాడు. ఏడుచోట్లకు దూతలను పంపి, సరిగ్గా నూరో రోజున "మా రాజు ఇప్పుడు ఏం చేస్తున్నాడు?" అని అడగమన్నాడు. ఆ రోజు ఆయన తాబేలునూ గొర్రెపిల్లనూ ముక్కలు కోసి, కంచు కాగులో కలిపి, కంచు మూత పెట్టి ఉడికించాడు. డెల్ఫీ దాన్ని ఉన్నదున్నట్టు చెప్పింది. క్రీసస్ బంగారం కుమ్మరించి అసలు ప్రశ్న అడిగాడు. పర్షియా మీదికి వెళ్తే ఒక మహా సామ్రాజ్యాన్ని కూలుస్తావని జవాబు వచ్చింది. కూలింది ఆయనదే. రాజధాని సార్డిస్ క్రీ.పూ. 546 ప్రాంతంలో పడిపోయింది.

కథ బాగుంది. మరీ బాగుంది, అదే అనుమానం. ఇది హెరొడొటస్ చేతికి వచ్చేసరికి నూరేళ్లు దగ్గరపడుతున్నాయి. 1978లో జోసెఫ్ ఫోంటెన్‌రోజ్ అనే పండితుడు డెల్ఫీ జవాబులన్నీ పోగేసి, జరిగిన కాలానికి దగ్గరలోనే నమోదైనవాటిని, తరాల తర్వాత కథగా చెప్పినవాటిని విడదీశాడు. మొదటి రకంలో పొడుపుకథలు దాదాపు లేవు. ఫలానా దేవుడికి బలివ్వు, ఈ చట్టం మంచిదే, అలా చేస్తే మేలు అన్న ధోరణిలో పొడిపొడిగా ఉంటాయి. జనం అడిగిందీ అదే. "నాకు రాసిపెట్టింది ఏమిటి?" అని కాదు, "ఇది చేస్తే మంచిదా, అది చేస్తే మంచిదా?" అని. నిర్ణయం అడిగేవాడిదే, దేవుడు ఊ అనాలి.

మామూలు మనుషులు అడిగిన ప్రశ్నలు ఏమైనా దొరికాయా?

దొరికాయి, అదీ వాళ్ల చేతిరాతలోనే. డెల్ఫీలో కాదు, వాయవ్య గ్రీసులోని డొడోనాలో. అక్కడ గ్రీకుల పెద్ద దేవుడు జ్యూస్, ఆయన పక్కన డియోనే దేవత, పవిత్రమైన ఓక్ చెట్టు. ప్రశ్నను సన్నటి సీసపు రేకు మీద గీకి, మడిచి ఇచ్చేవారు. తవ్వకాల్లో బయటపడ్డ ఆ రేకుల పాఠాలను 2013లో అచ్చువేస్తే నాలుగు వేలు దాటాయి.

కొన్ని చూడండి. అన్నీలా కడుపులో ఉన్న బిడ్డ తనదేనా అని లిసానియాస్ అనే అతను అడిగాడు. దుప్పట్లు, దిండ్లు కనబడటంలేదు, వాటంతటవే పోయాయా, బయటివాళ్లెవరైనా ఎత్తుకుపోయారా అని ఆగిస్ అడిగాడు. గొర్రెలు పెంచుకుంటే లాభమా అని ఒకతను. పెళ్లి చేసుకోవడం మంచిదేనా అని ఇంకొకతను. హెర్మోన్ అనే అతను, క్రెటాయా వల్ల తనకు పనికొచ్చే సంతానం కలగాలంటే ఏ దేవుడికి మొక్కాలని అడిగి, "ఇప్పుడున్నవాళ్లు కాక" అని చేర్చాడు. ఉన్న పిల్లల మీద ఆయన అభిప్రాయం ఏమిటో తెలియదు, ఆ ముక్క చదివితే మాత్రం నవ్వు ఆగదు.

రాజుల యుద్ధాల కన్నా ఈ రేకులే గ్రీకుల మతాన్ని దగ్గరగా చూపిస్తాయని నా నమ్మకం. వీటిలో ఎక్కువ భాగానికి జవాబు దొరకలేదు. ప్రశ్న మటుకే మిగిలింది.

ఆడవాళ్లు, బానిసలు అడగొచ్చా?

డొడోనా రేకుల్లో ఇద్దరివీ ఉన్నాయి. డెల్ఫీలో దేవుడి మాట పలికేది స్త్రీ, గర్భగుడికి అడగడానికి పోయేది మాత్రం మగవాళ్లు.

దేవుడి జవాబు నచ్చకపోతే?

మళ్లీ అడగొచ్చు. క్రీ.పూ. 480లో పర్షియా సేన ముంచుకొస్తున్నప్పటి సంగతి ఇది. ఏథెన్స్ దూతలు డెల్ఫీ గుడిలో అడుగుపెట్టగానే పిథియా, "అభాగ్యులారా, ఇంకా కూర్చున్నారేం, భూమి అంచులకు పారిపోండి" అన్న ధోరణిలో మొదలుపెట్టింది. దూతలు కుప్పకూలిపోయారు. టిమోన్ అనే డెల్ఫీ పెద్దమనిషి వాళ్లకు ధైర్యం చెప్పి, ఆలివ్ కొమ్మలు పట్టుకుని శరణార్థులుగా మళ్లీ వెళ్లమన్నాడు. రెండోసారి కాస్త మెత్తబడ్డ జవాబు వచ్చింది. చెక్క గోడ ఒక్కటే నిలుస్తుందని, "దివ్యమైన సలామిస్" తల్లుల బిడ్డలను బలి తీసుకుంటుందని.

దీన్ని ఊరికి తెచ్చి సభలో పెట్టారు. అసలు విషయం ఇక్కడే ఉంది. చెక్క గోడ అంటే పూర్వం కోట కొండ చుట్టూ ఉన్న ముళ్లకంచె అన్నారు కొందరు పెద్దలు. కాదు, ఓడలు అన్నారు మరికొందరు. ఓడలైతే మన పక్కనున్న సలామిస్ దీవి దగ్గర చచ్చేది మనమే కదా అని దేవవాక్కులకు అర్థాలు చెప్పేవాళ్లు భయపెట్టారు. ఏథెన్స్ నాయకుడు థెమిస్టోక్లీస్ లేచి, చచ్చేది మనమే అయితే దేవుడు "క్రూరమైన సలామిస్" అనేవాడు గానీ "దివ్యమైన" అని ఎందుకంటాడని వాదించాడు. సభ ఆయన వైపు మొగ్గింది, ఊరు ఖాళీ చేసి ఓడలెక్కింది, సలామిస్ దగ్గర గెలిచింది. కొండ మీద చెక్కలు అడ్డుపెట్టుకుని ఉండిపోయినవాళ్లను పర్షియన్లు చంపేశారు. పిథియా మాటతో చర్చ ముగియలేదు, మొదలైంది.

లంచాలు నడిచేవా?

నడిచేవి, దొరికిపోయేవాళ్లు కూడా. స్పార్టా రాజు క్లియొమెనీస్ తన తోటి రాజు డెమరాటస్‌ను దించడానికి, అతను తన తండ్రికి పుట్టలేదని డెల్ఫీతో చెప్పించాడు. మధ్యవర్తి కోబోన్ అనే డెల్ఫీ పలుకుబడిమనిషి, పలికిన పిథియా పేరు పెరియాలా. తర్వాత గుట్టు రట్టయింది. కోబోన్ ఊరు వదిలి పారిపోయాడు, పెరియాలా పదవి ఊడింది. నూటయాభై ఏళ్లు దాటాక మాసిడోనియా రాజు ఫిలిప్ బలం పెరిగినప్పుడు, పిథియా ఫిలిప్ పాటే పాడుతోందని ఏథెన్స్ నాయకుడు డెమోస్తనీస్ బాహాటంగా అన్నాడు.

మోసం జరగకుండా ఏమైనా జాగ్రత్తలు తీసుకునేవారా?

దీనికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఉంది. క్రీ.పూ. 352లో ఏథెన్స్‌లో ఒక భూమి తగాదా వచ్చింది. ఏథెన్స్ దగ్గరి ఎల్యూసిస్ ఊరి దేవతల మాన్యం అంచులను కొందరు దున్నేసుకుంటున్నారు. దాన్ని కౌలుకిచ్చి ఆ డబ్బు గుడి పనులకు వాడాలా, బీడుగానే దేవతలకు వదిలేయాలా?

సభ చేసిన తీర్మానం రాతి మీద ఉంది. ఒకేలా ఉన్న రెండు తగరపు రేకులు తీసుకోవాలి. ఒకదాని మీద కౌలుకిస్తే మేలా అని, రెండోదాని మీద బీడు వదిలితే మేలా అని రాయాలి. రెంటినీ చుట్టి, ఉన్ని చుట్టి, కంచు బిందెలో వేయాలి. అందరి ముందూ సభాధ్యక్షుడు బిందెను కుదిపి, మొదట చేతికొచ్చింది బంగారు బిందెలో, రెండోది వెండి బిందెలో వేయాలి. సీలు వేయాలి. ఆ తర్వాత డెల్ఫీకి దూతలను పంపి ఒక్కటే అడగాలి: ఏథెన్స్ బంగారు బిందెలోని మాట వినాలా, వెండి బిందెలోని మాటా?

ఏ బిందెలో ఏముందో ఏథెన్స్‌లో ఎవరికీ తెలియదు, దూతలకు తెలియదు, పిథియాకు అసలే తెలియదు. లంచం ఇవ్వాలన్నా ఏం చెప్పమని ఇవ్వాలి? దేవుడి మీద పూర్తి నమ్మకం, మనుషుల మీద అస్సలు లేదు. ఇంతకీ భూమిని దున్నకుండా వదిలేయమనే జవాబు వచ్చింది.

యుద్ధం మధ్యలో గుడికి వెళ్లే టైం ఉండదు కదా?

అందుకే సైన్యంతో పాటు శకునాలు చదివే మాంటిస్ ఉండేవాడు. గొర్రెను బలిచ్చి కాలేయం చూసేవాడు. కాలేయపు తమ్మె లేకపోతే మహా చెడ్డ శకునం. మంచి పేరున్నవాళ్లకు జీతం గట్టిగానే ముట్టేది. పదిరోజుల్లోగా యుద్ధం జరగదని చెప్పి నిజం చేసుకున్న సిలానస్‌కు పర్షియా యువరాజు సైరస్ 3,000 బంగారు నాణేలు ఇచ్చాడు.

శకునం ఎంత గట్టిగా పట్టి ఆపేదో తెలియాలంటే క్రీ.పూ. 400లో నల్లసముద్రం ఒడ్డున కాల్పే రేవులో చిక్కుకున్న గ్రీకు కిరాయి సేన సంగతి చూడాలి. తిండి లేదు, బయటికి వెళ్లి తెచ్చుకోవాలి. బలి ఇస్తే కాలేయం బాగాలేదు. మళ్లీ ఇచ్చారు, మళ్లీ బాగాలేదు. రోజుకు మూడుసార్లకు మించి ఇవ్వకూడదు. అక్కడే ఊరు కట్టుకుందామన్న ఆశతో నాయకుడు జెనొఫోన్ మాంటిస్‌ చేత ఇలా చెప్పిస్తున్నాడని సైనికులు గుసగుసలాడారు. జెనొఫోన్ ఏం చేశాడంటే, రేపటి బలికి ఎవరైనా రావచ్చు, మీలో శకునం తెలిసినవాడు ఉంటే వచ్చి కాలేయం చూసుకోండని చాటింపు వేయించాడు. వచ్చి చూశారు. అప్పుడూ బాగాలేదు. బలికి గొర్రెలు అయిపోయి బండి ఎద్దులను కొన్నారు. ఆగలేక నెయోన్ అనే నాయకుడు రెండు వేలమంది దాకా వెంటబెట్టుకుని శకునం లేకుండానే వెళ్లాడు. శత్రువుల గుర్రపుదళం ఐదువందల మందికి తగ్గకుండా చంపింది. మర్నాడు మొదటి బలికే శకునం బాగుంది.

తుమ్మితే వాళ్లూ ఆగిపోయేవాళ్లా?

లేదు, తిరగబడింది ఇక్కడ. మనం గడప దాటబోతూ ఎవరైనా తుమ్మితే వెనక్కి వచ్చి మంచినీళ్లు తాగి బయల్దేరతాం. వాళ్లకు తుమ్ము దేవుడి తథాస్తు. పైన చెప్పిన సేనకే జెనొఫోన్ ధైర్యం చెబుతూ మనం బతికి బయటపడతాం అంటుండగా ఒకడు తుమ్మాడు. సేన మొత్తం ఒక్కసారిగా దేవుడికి దండం పెట్టింది.

శకునం నమ్మి మునిగినవాళ్లు లేరా?

నికియాస్ ఉన్నాడు. క్రీ.పూ. 413లో ఏథెన్స్ సేన సిసిలీలో సిరక్యూస్ ముట్టడిలో ఓడి, ఓడలెక్కి తప్పించుకోబోతోంది. ఆగస్టు 27 రాత్రి చంద్రగ్రహణం పట్టింది. మూడు తొమ్మిదులు, అంటే 27 రోజులు కదలకూడదన్నారు శకునాలవాళ్లు. సేనాపతి నికియాస్ అది దాటేదాకా కదిలే మాటే ఎత్తనన్నాడు. ఈలోగా శత్రువు రేవు మూసేశాడు. సేన మొత్తం పోయింది, నికియాస్ ప్రాణం కూడా. ఆయనకు ఎప్పుడూ సలహా చెప్పే తెలివైన మాంటిస్ స్టిల్బిడీస్ కొద్దికాలం ముందే చనిపోయాడని, అసలు పారిపోయేవాళ్లకు చీకటి మంచి శకునమే కదా అని ప్లూటార్క్ వ్యాఖ్య.

డెల్ఫీ, డొడోనా కాక ఇంకేమైనా పద్ధతులు ఉన్నాయా?

బోలెడు. ఒరోపస్‌లో పొట్టేలును బలిచ్చి దాని తోలు మీద పడుకుంటే కలలో జవాబు. లెబాడియాలో ట్రోఫోనియస్ అనే వీరపురుషుడి గుడి దగ్గర మరీ కష్టం. కొన్నాళ్లు నియమంగా ఉండి, మరపు నీళ్లు, జ్ఞాపకం నీళ్లు తాగి, చేతిలో తేనె రొట్టెలతో ఒక గుంటలోకి దిగి, చిన్న కంతలోకి కాళ్లు పెడితే నదిలో సుడి లాగినట్టు లోపలికి లాగేసేదట. బయటికొచ్చాక భయంతో మనిషికి తనెవరో తెలిసేది కాదు. నవ్వడం తర్వాత వచ్చేది. పౌసానియస్ అనే యాత్రికుడు స్వయంగా దిగి వచ్చి ఇదంతా రాశాడు.

చవకైనది ఫారే ఊరి బజారులో ఉన్న హెర్మిస్ విగ్రహం. సాయంత్రం వెళ్లి ధూపం వేసి, దీపాల్లో నూనె పోసి, నాణెం పెట్టి, విగ్రహం చెవిలో ప్రశ్న చెప్పాలి. చెవులు మూసుకుని బజారు దాటి, చేతులు తీయగానే వినబడిన మొదటి మాటే జవాబు.

నమ్మనివాళ్లు అప్పట్లో లేరా?

ఉన్నారు. గదారాకు చెందిన ఒయెనోమాస్ అనే తత్వవేత్త మోసగాళ్ల గుట్టు విప్పుతానంటూ పుస్తకమే రాశాడు. 2వ శతాబ్దంలో అబొనొటైకస్ ఊళ్లో అలెగ్జాండర్ అనేవాడు మనిషి తల తగిలించిన పాముతో గుడి నడిపాడు, ప్రశ్నకు ఒక ద్రాక్మా రెండు ఓబోల్‌లు. సీలు వేసి ఇచ్చిన ప్రశ్నను కాల్చిన సూదితో సీలు కిందినుంచి విప్పి చదివి, మళ్లీ అతికించి జవాబు ఇచ్చేవాడని వ్యంగ్య రచయిత లూషియన్ పూసగుచ్చినట్టు రాశాడు. అయితే దొంగ ఉన్నాడంటే దేవుడు లేడని అర్థం కాదన్నదే ఎక్కువమంది ధోరణి.

ఇవన్నీ ఎప్పుడు ఆగిపోయాయి?

ఒక్కరోజులో కాదు. ప్లూటార్క్ కాలానికే చాలాచోట్ల గుళ్లు మూగబోయాయి, డెల్ఫీలో ముగ్గురు పిథియాల బదులు ఒక్కతే సరిపోయేది. దీనికి ఆయన చెప్పించిన కారణం చాలా లోకజ్ఞానంతో ఉంటుంది: జనమే తగ్గిపోయారు. ఒకప్పుడు మెగారా అనే ఒక్క ఊరు పర్షియన్లతో జరిగిన ప్లాటియా యుద్ధానికి మూడు వేలమంది సైనికులను పంపింది, ఇప్పుడు గ్రీసు మొత్తం కలిసినా అంతమందిని పంపే స్థితిలో లేదు, అడిగేవాళ్లే లేనిచోట ఎంతమంది పలకాలని. తర్వాత, ప్లాటియా విజయానికి గుర్తుగా గ్రీకులు డెల్ఫీలో నిలబెట్టిన కంచు సర్పస్తంభాన్ని రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ తన కొత్త రాజధానికి, అంటే నేటి ఇస్తాంబుల్‌కు, తరలించాడు. క్రీ.శ. 391, 392 సంవత్సరాల్లో థియోడోసియస్ చక్రవర్తి చట్టాలతో బలులు, పాత గుళ్లలో పూజలు నిషేధమయ్యాయి.

ఇప్పుడు వెళ్తే ఏం కనిపిస్తుంది?

డెల్ఫీలో అపోలో గుడి పునాది, తిరిగి నిలబెట్టిన కొన్ని స్తంభాలు, పైన నాటకశాల, ఇంకా పైన పరుగుపందేల మైదానం, పక్కనే మంచి మ్యూజియం. ఏథెన్స్ నుంచి బస్సులో ఒక్కరోజులో వెళ్లి రావచ్చు. ఎక్కడం ఎక్కువ కాబట్టి వేసవిలో పొద్దున్నే వెళ్లడం నయం. సర్పస్తంభం చూడాలంటే మాత్రం ఇస్తాంబుల్ వెళ్లాలి. పాత గుర్రప్పందేల మైదానంలో ఉంది, పాము తలలు విరిగిపోయాయి. తల ముక్క ఒకటి అక్కడి పురావస్తు మ్యూజియంలో ఉంది.